‘రాదు’ అని చెప్పని మేడం

గురువారం పొద్దున నా పీహెచ్‌డీ గైడ్ మేడం పోయారని ఫోనొచ్చింది. ఏడుపు తర్వాత వచ్చింది, ముందొచ్చింది చిరాకే. నేను గీసిచ్చిన కొత్త మ్యాపుని ఆవిడ దగ్గర పెట్టుకుని, బాగుందనీ అనలేదు, బాగోలేదనీ అనలేదు. అలాగే వెళ్ళిపోయారు.

ఖండాలు కదిలిన కాలంలో రాళ్ళు విరిగి జారిన పగుళ్ళను ఉపగ్రహ చిత్రాల్లో వెతకడం మా పని. నేను తెర మీద గీత గీయగానే ఆవిడ అడిగేవారు, "ఎల్లి సూసొచ్చావా?"

"ఉపగ్రహం చూసింది కదా మేడం!"

"అది కాలవనీ గీతలాగే సూత్తాది, రోడ్డునీ అలాగే సూత్తాది. దాన్ని పగులు అనీసింది నువ్వు."

ఇక ఎండలో నడక. గొడుగు తెచ్చేవారు, విప్పేవారు కాదు. నీడలో రాయి రంగు తెలీదట. మోసేది మాత్రం నేను.

సబ్బవరం దగ్గర నేను గీసిన ఒక గీత కొండ దిగి, కొత్త కాలనీలో నీళ్ళ ట్యాంకు కట్టబోయే స్థలం కిందుగా పోయింది. కొండ అంచున నలిగిన రాయిని వేళ్ళ మధ్య పొడి చేసి, వెలుతురుకి తిప్పి చూశాక, ట్యాంకు అక్కడ వద్దన్నారావిడ. ఆ మాట భూకంపమని పాకి, స్థలాలు కొనేవాళ్ళు వెనక్కి తగ్గారు. కాలనీ ప్రెసిడెంటు మా మీదికొచ్చాడు.

"భూకంపం వత్తాదా, రాదా? ఒక్క మాట సెప్పండి!"

"అది నాను సెప్పలేను బావూ. కింద రాయి గట్టిగా లేదు, ట్యాంకు పక్కకి జరపమంతన్నాను."

"రాదని చెప్పేయండి మేడం, వదిలేస్తారు," అని గొణిగాను.

"నీకు తెల్సా? నాకు తెల్దు. మరెలా సెప్తాం?"

అందరూ తిట్టారు. ఆ వేసవంతా ఆవిడ అదే మాట మీద ఉన్నారు, నన్ను వెంట తిప్పుతూ. చివరికి పునాది తవ్వితే ఒక పక్క గట్టి రాయి, రెండో పక్క పిండిలా రాలే మట్టి, ఊరే నీళ్ళు. ట్యాంకు కాలనీ రెండో చివరకి మారింది. ప్రారంభానికి ఆవిడని పిలవలేదు. నేను మండిపడ్డాను.

"కుళాయిల్లో నీళ్ళు వత్తన్నాయా, లేదా?" అన్నారు, టీ ఊదుకుంటూ.

శుక్రవారం సమాధుల తోటకి ప్రెసిడెంటు వచ్చాడు. పాస్టరు గారి ప్రార్థన అయ్యాక నా పక్కకొచ్చి నిలబడ్డాడు.

"ఆయమ్మ ఆ రోజు రాదనీసుంటే నమ్మీసేవోణ్ణి బావూ. అక్కడే కట్టీసేవోళ్ళం."

తర్వాత వంగి గుప్పెడు మట్టి తీశాడు. వెంటనే వెయ్యలేదు. వేళ్ళ మధ్య మెల్లగా నలిపి, వెలుతురుకి తిప్పి చూశాడు.