శాపం చదివిన మాస్టారు

మా తెలుగు మాస్టారు పోయారన్న కబురు నేను కల్లంలో మిరపకాయలు ఆరబోస్తుండగా వచ్చింది. పడుకున్నవారు పడుకున్నట్టే పోయారట. పుణ్యాత్ముడు అన్నారందరూ. నాకు మాత్రం ముందు మా గుట్ట కింది శాసనం రాయి గుర్తొచ్చింది. దాన్ని చదవగలిగినవాళ్ళం ఈ అద్దంకి చుట్టుపక్కల ఇద్దరమే. ఆయనా, ఆయన దగ్గర నేర్చుకున్న నేనూ.

రిటైరయ్యాక ఆయనకు పాత అక్షరాల పిచ్చి పట్టింది. నా బండెక్కి గుట్టకు వచ్చేవారు. రాయి కడిగి, సుద్దపొడి రుద్ది, వేలితో తడిమి చదివేవారు. "మన 'క' ఒకప్పుడు కూడిక గుర్తులా ఉండేదిరా. నిలువు గీతొకటి, అడ్డగీతొకటి. తాటాకు మీద అలా గీస్తే ఆకు చీలిపోదూ? అందుకే వంపులు నేర్చుకుంది" అనేవారు, సొంత మనవరాలి సంగతి చెప్పినట్టు. నాకు అక్షరమంటే ప్రేమ ఉందంటే అది ఆయన పెట్టిన భిక్షే.

పాత రాత ఉంటే కింద నిధి ఉన్నట్టేనని మావైపు గట్టి నమ్మకం. ఒకరోజు రాయి చుట్టూ గుంతలు కనిపించాయి. మాస్టారు ఊళ్ళోవాళ్ళను పిలిచి చదివి వినిపించారు. దారిన పోయేవాళ్ళకు చలివేంద్రం పెట్టమని ఎవరో చేను ఇచ్చారు, అంతే. చివర్లో, దీన్ని పాడుచేసినవాడు గంగ ఒడ్డున గోవును చంపిన పాపాన పోతాడని శాపం. భయపడి వదిలేస్తారని దాన్ని రెండుసార్లు చదివారు.

"మంచినీళ్ళ పందిరికి ఇంత శాపమెందుకండీ మాస్టారూ?" అన్నాడొకాయన నెమ్మదిగా. ఎవరూ నవ్వలేదు.

ఆ తర్వాత గుంతలు ఇంకా లోతయ్యాయి. "చదవడం నేర్పాను గానీ, చదివింది నమ్మించడం నా వల్ల కాలేదురా" అని బాధపడేవారు. ఆఖరిసారి కలిసినప్పుడు, "నీకిది వచ్చని ఎవరితోనూ అనమాక" అన్నారు.

పెద్దకర్మ రోజు భోజనాల దగ్గర ఇద్దరు వచ్చి నా పక్కన కూర్చున్నారు. మా ఊరివాళ్ళు కారు.

"మాస్టారి దగ్గర తమరే నేర్చుకున్నారంటగా. ఆ రాత చదవడం వచ్చాండి?"

"రాదండి. ఊరికే బండి మీద దింపేవాణ్ణి" అన్నాను.

"పోనీలెండి" అని వాళ్ళలో పెద్దాయన విస్తరి పక్కన ఫోన్ పెట్టాడు. అందులో మా రాయి ఫోటో. దాని మొదలు చుట్టూ మట్టి నడుంలోతు తవ్వేశారు. శాపం కింద, ఇన్నాళ్ళూ మట్టిలో ఉండి మాస్టారు కూడా చూడని రెండు వరుసలు బయటపడ్డాయి.

చదవకూడదనే అనుకున్నాను. కళ్ళు మొదటి అక్షరం దగ్గర ఆగి, వాటంతటవే పక్కదాని మీదికి జరిగాయి. తేరుకుని తలెత్తాను. ఆయన ఫోన్ వైపు చూడటం లేదు. నా కళ్ళనే చూస్తున్నాడు.