మిరుగం నాటి సూది

అది 1973. మెదక్‌లో నేను పనిచేసే ఆసుపత్రిలో ల్యాబ్ అంటే ఒక గది, ఒక కిటికీ, ఒక మైక్రోస్కోపు, చేత్తో తిప్పే సెంట్రిఫ్యూజ్. రక్తం గొట్టాలను గిరగిరా తిప్పితే ఎర్రకణాలు అడుక్కు దిగి, పసుపుపచ్చని సీరం పైకి తేలుతుంది. ఆ తిప్పే యంత్రమే సెంట్రిఫ్యూజ్. నా ఉద్యోగం ల్యాబ్ టెక్నీషియన్. ఆ మాటకు నోరు తిరగక జనం నన్ను ‘నెత్తురు గుంజే నర్సమ్మ’ అనేవాళ్లు. నేను నర్సును కానని మొదట్లో వాదించేదాన్ని. తర్వాత మానుకున్నాను. నెత్తురు గుంజడం మాత్రం నిజమే కదా!

ఆ ఎండాకాలం హవేలిఘనపూర్ దగ్గరి పల్లె నుంచి వచ్చిన పోచయ్య అనే రైతు మా వార్డులో చనిపోయాడు. నలభై కూడా నిండలేదు. పొట్ట ఉబ్బి, కళ్లు పచ్చబడి, చేతులూ కాళ్లూ పుల్లలై వచ్చాడు. కాలేయంలో గడ్డ ఉంది. సూదితో చిన్న ముక్క తీసి హైదరాబాదు పంపితే కాన్సర్ అని తేలింది. అతని అన్న కూడా అంతకు ముందు అచ్చం అలాగే పోయాడు.

దినాలు కాగానే పోచయ్య భార్య లచ్చవ్వ ల్యాబ్‌కు వచ్చింది. పక్కన ఎనిమిదేళ్ల కొడుకు, చంకలో అప్పుడే పాలు మరిచిన బిడ్డ బాలమణి.

“నర్సమ్మా, మా ఇంటి నెత్తురే ఖరాబున్నదని ఊరంత అంటున్నరు. నా పిల్లలు గూడ గట్లనే పోతరా? జర నిజం జెప్పు.”

“డాక్టర్ సాబ్‌ను అడుగుదం, ఫికర్ జెయ్యకు” అని ఆమెను బల్ల మీద కూర్చోబెట్టాను. ఆ పిల్లవాడు అప్పటికే మైక్రోస్కోపులో కన్ను పెట్టి చూస్తున్నాడు.

అప్పట్లో ఇలాంటి కుటుంబాల కోసమే వెతుకుతున్న డాక్టరు ఒకాయన హైదరాబాదులో ఉండేవారు. మేము కబురు చేస్తే బస్సెక్కి వచ్చారు. సన్నగా, పొడుగ్గా ఉండేవారు. మాటకు ముందు చాయ్ కావాలి, మాట తర్వాత కూడా కావాలి. ఆయన చెప్పిందిది: కొందరి రక్తంలో ‘ఆస్ట్రేలియా యాంటీజెన్’ అనే పదార్థం కనిపిస్తోంది. యాంటీజెన్ అంటే మన శరీరం పరాయిదని గుర్తుపట్టే వస్తువు. అది బ్లడ్ గ్రూపులాగా తల్లిదండ్రుల నుంచి వచ్చే గుణమని మొదట్లో కొందరు అనుకున్నారు. కాదు, కామెర్లు తెచ్చే వైరస్‌లోని ముక్క అని ఇప్పుడు అంటున్నారు. అది ఏళ్ల తరబడి ఒంట్లో ఉండిపోయిన వాళ్లకే కాలేయం కాన్సర్ వస్తోందేమోనని అనుమానం.

“పుట్టుకతో వచ్చేదైతే నెత్తురు చుట్టరికం వెంట పోవాలె. అంటుకునేదైతే ఇంటి వెంట పోవాలె. రెండూ విడదీసి చూద్దాం” అన్నారు.

ఆ ఇంటి వాళ్లందరినీ పిలిపించాం. పోచయ్య తల్లి రాజవ్వ వచ్చింది. డెబ్బై ఏళ్లున్నా వెదురు కర్రలా నిటారుగా ఉంది. ఆమె చిన్న కొడుకు సాయిలు శివ్వంపేట నుంచి వచ్చాడు. పాలు మరిచీ మరవక ముందే అతన్ని అక్కడ పిల్లలు లేని చెల్లెలికి దత్తత ఇచ్చింది రాజవ్వ. మీసాలు దువ్వుకుంటూ వచ్చిన మనిషి సిరంజి చూడగానే గోడకు ఆనుకున్నాడు. “మొగోనివి, గింత సూదికి పరేషాన్ అయితవేందిరా!” అని తల్లి కసిరింది.

సీరం గొట్టాలను థర్మాస్ ఫ్లాస్కులో ఐసు మధ్య పెట్టి నేనే హైదరాబాదు తీసుకువెళ్లాను. నర్సాపూర్ అడవి దాటేదాకా బస్సు ఎగిరినప్పుడల్లా ఫ్లాస్కును చంటిపిల్లలా పొదువుకున్నాను. పక్క సీటావిడ అందులో చాయ్ ఉందనుకుని ఒక గుక్క పొయ్యమంది. లోపల నెత్తురుందని చెప్పగానే లేచి వెనక సీటుకు పోయింది.

ఫలితాలు వచ్చాక డాక్టరు గారు మళ్లీ వచ్చి, లచ్చవ్వను పిలిపించి, మా నల్లబల్ల మీద సుద్దతో పెడిగ్రీ గీశారు. అంటే వంశవృక్షం, మగవాళ్లకు చతురస్రం, ఆడవాళ్లకు సున్నా. యాంటీజెన్ ఉన్న వాళ్ల గుర్తులను సుద్దతో నింపుతూ పోయారు. రాజవ్వకు ఉంది. మా దగ్గర మిగిలి ఉన్న పోచయ్య రక్తంలోనూ ఉంది. మనవడికీ ఉంది. తల్లి, కొడుకు, మనవడు. ఊరు అన్నదే నిజమేమో!

తర్వాత ఆయన లచ్చవ్వ సున్నాను కూడా నింపారు. సాయిలు చతురస్రాన్ని ఖాళీగా వదిలేశారు. బాలమణి సున్నా కూడా ఖాళీయే.

లచ్చవ్వ పన్నెండేళ్లప్పుడు వేరే ఊరి నుంచి ఆ ఇంటికి కోడలై వచ్చింది. వాళ్ల నెత్తురు కాదు. సాయిలుది అదే నెత్తురు. ఆమెకు ఉంది, అతనికి లేదు. డాక్టరు గారు సుద్దముక్క పక్కన పెట్టి లచ్చవ్వ వైపు తిరిగారు.

“అమ్మా, మీ ఇంట్ల అందరికి చేసి, సాయిలుకు, ఈ బిడ్డకు చెయ్యనిది ఏమన్నా ఉన్నదా? జర యాది చేస్కో.”

లచ్చవ్వ చంకలోని బిడ్డను కిందికి దించింది. ఉన్నట్టుండి ఎడమ చేయి తిప్పి చూసుకుంది. మణికట్టు పైన వరసగా చిన్న చిన్న మచ్చలు. నేను పచ్చబొట్లనుకున్నవి.

“మిరుగం సూది” అంది.

మిరుగం అంటే మృగశిర కార్తె; తొలకరి మొదలయ్యే ఆనాడు, ఇంట్లో అందరికీ కామెర్లు రాకుండా రాజవ్వ చేసే వైద్యమది. ఇత్తడి సూదితో చేతిమీద పొడిచి, నేల ఉసిరి పసరు రుద్దుతుంది. పాలు మరిచిన పిల్లల నుంచి కొత్త కోడళ్ల దాకా ఒకే సూది. పిల్లలు భయపడొద్దని ముందు తన చేతికే పొడుచుకుంటుందట. సాయిలు తన మొదటి మిరుగం రాకముందే శివ్వంపేట వెళ్లిపోయాడు. బాలమణికి ఈ ఏడాదే మొదటిసారి. మిరుగం ఇంకా వారం ఉంది.

“ఒక్క ఇంటితోటి సైన్స్ తేలదు. కాని ఇది నెత్తురుతో పుట్టింది కాదు, అంటుకునేదే అనిపిస్తున్నది” అన్నారు డాక్టరు గారు.

“అంటుకునేదా?” లచ్చవ్వ లేచి నిలబడింది. “అంటుకునేదైతే ఆపొచ్చు గద సార్!”

అంటురోగం అని విని సంతోషపడిన మనిషిని నా సర్వీసులో ఆమెనే చూశాను. కొడుకు సంగతి కూడా ఆయన విడమరచి చెప్పారు. యాంటీజెన్ ఉన్న వాళ్లందరికీ కాన్సర్ రాదు, కల్లూ సారా ముట్టకుండా ఉంటూ ఏటా చూపించుకోవాలి అన్నారు. ఆమె తల ఊపింది. తర్వాత ఆ ముఖంలో వెలుగు తగ్గింది.

“మా అత్తకు చెప్పకుండ్రి. ఇద్దరు కొడుకులను మన్నుల పెట్టింది. గీ మాట ఇంటె బతుకది.”

సూదితో పొడిచి రుద్దేకన్నా పసరు తాగిస్తేనే బాగా పనిచేస్తుందని డాక్టరు చెప్పినట్టు ఇంట్లో చెబుదామని ఇద్దరం అనుకున్నాం.

మిరుగం నాడు పొద్దున్నే, వాన వాసన వస్తుండగా, రాజవ్వ ఒక్కతే ల్యాబ్‌కు వచ్చింది. కొంగుముడి విప్పి, సూది తీసి, నా బల్ల మీద పెట్టింది.

“కోడలు నా మొకం జూస్తలేదు. బిడ్డను తీస్కొని పొద్దుగాల్నే పక్కింట్ల దాసుకున్నది. నేను పిచ్చిదాన్ననుకుంటున్నదా? నర్సమ్మా, ఆ రోగం గీ సూదిలనే ఉన్నదా?”

అబద్ధం నోటిదాకా వచ్చింది కానీ, ఆ కళ్లను చూస్తూ చెప్పలేకపోయాను. “ఉండొచ్చవ్వా. పక్కాగ ఎవ్వలు చెప్పలేరు. సూది ఉడకబెట్టాలని నీకెవ్వలు చెప్పలే. నీ తప్పు కాదు.”

ఆమె సూదిని వేలితో నా వైపు నెట్టింది.

“పిల్లలకు కామెర్లు రావొద్దనే జేసిన బిడ్డా. సూదేస్తే రావనుకున్న. గంతే.”

నాకు ఏడుపు ఆగలేదు. ఆమే నా వీపు నిమిరింది. “నెత్తురు గుంజెటప్పుడు ఏడ్వలేదు, ఇప్పుడేడుస్తవేందే? సూది నువ్వే ఉంచుకో. పసరు తాగిపిస్త తియ్” అని వాన పడకముందే ఇంటికి బయలుదేరింది. ఆ రోజు మా గాజు సిరంజిలతో పాటు ఆ సూదిని కూడా ఉడకబెట్టాను. పిచ్చిపనే, కానీ ఊరికే పారేయడానికి చేతులు రాలేదు.

చాలా ఏళ్లకు, నేను రిటైరయ్యే ముందు, ఆ వైరస్‌కు టీకా వచ్చింది. కాలేయం కాన్సర్‌ను కూడా అది అడ్డుకుంటుందని చెప్పారు. ఇంటి నుంచి ఇంటికి వచ్చేదంతా నెత్తురుతోనే రాదని, ప్రేమతో చేసే పనులూ చేతులు మారి వస్తాయని, వాటిని తిట్టకుండా సరిదిద్దవచ్చని ఆ కుటుంబమే నాకు నేర్పింది. లచ్చవ్వ కొడుకు ఇప్పటికీ చుక్క ముట్టకుండా వ్యవసాయం చేసుకుంటున్నాడు. బాలమణి తన పసిదాన్ని ఎత్తుకుని టీకాకు వచ్చింది. సూది పడగానే పిల్ల కెవ్వుమంది.

“ఇది దేనికి నర్సమ్మా?”

“కామెర్లు రాకుండ.”

బాలమణి పిల్లను భుజాన వేసుకుని, జోకొడుతూ నవ్వింది. “మా నాయినమ్మ గూడ గదే అన్నది గద!”