ద్వాలి ట్యాబ్‌లో ఖాళీ జాగా

మా అంగన్‌వాడీ ఆయా బానోతు ద్వాలి ట్యాబ్ కొంటానన్న రోజున, మా తండాలో ఎంతమంది కంప్యూటర్ ఇంజినీర్లు ఉన్నారో నాకు మొదటిసారి తెలిసింది. అంతకుముందు రోజు వరకు వాళ్లంతా పత్తి చేలల్లోనూ మేకల వెనకాలా అజ్ఞాతవాసం చేస్తున్నారు కాబోలు.

నేను అక్కడ టీచర్‌ని, పేరు శ్యామల. టేకులపల్లి నుంచి అడవిలోకి పదకొండు కిలోమీటర్లు వచ్చి, వాగు దాటితే మా తండా. ముప్పై ఏళ్లు అక్కడే కిరాయి ఇంట్లో ఉన్నాను. అందులో పంతొమ్మిదేళ్లు ద్వాలి నా దగ్గర ఆయా. పిల్లలను ఇళ్ల నుంచి పట్టుకురావడం, వండడం, తినిపించడం, ముక్కులు తుడవడం, నిద్రపుచ్చడం ఆమె పని. రిజిస్టర్‌లో సంతకం పెట్టడం నా పని. సెంటర్ అంతా నా కష్టం మీదే నడుస్తోందని పైవాళ్లకు చెప్పుకోవడం కూడా నా పనే, అది మాత్రం ఏ రోజూ ఎగ్గొట్టలేదు.

ఇది మూడేళ్ల కిందటి సంగతి. ఆ డిసెంబరులో నేను రిటైరై దిగిపోవాలి. అప్పటికి ద్వాలి పదో తరగతి పాసై ఉంటే నా కుర్చీ ఆమెది. కాకపోతే బయటి మనిషిని వేస్తారు, ఆ తర్వాత ద్వాలికి ప్రమోషన్ వయసే దాటిపోతుంది. మిగిలింది ఒక్క అవకాశం, అక్టోబరులో ఓపెన్ స్కూల్ పరీక్షలు. మనిషికి నలభై నాలుగేళ్లు, చదువు తొమ్మిదిలో ఆగిపోయింది. నేనే ఫారం నింపించాను. నింపించిన సంగతి ఊరంతా చెప్పుకుని వచ్చాను.

అసలు చిక్కు సిగ్నల్‌తో వచ్చింది. మా తండాలో గుట్టెక్కితే ఫోన్‌లో మాట వినిపిస్తుంది గానీ, వీడియో పాఠం పెడితే తెర మీద చక్రం తిరుగుతూనే ఉంటుంది. జూలైలో వాగు వచ్చిందంటే రోజుల తరబడి టేకులపల్లి మొహం కూడా చూడలేం. వానలకు ముందే బియ్యం, ఉప్పు, ఎండుచేపలు ఇంట్లో వేసుకున్నట్టే పాఠాలన్నీ ముందే వేసుకోవాలని ద్వాలి నిర్ణయించుకుంది. వాటికి ఎంత జాగా ఉన్న ట్యాబ్ కొనాలన్నదే ప్రశ్న.

"ముప్పై రెండు జీబీ శాన," అన్నాడు మొగుడు హరిలాల్. "నా ఫోన్ల పదహారే ఉన్నది. నేను బతుకుతలేనా?" ఆయన ఫోన్ మోగితే ఎత్తడానికి ముందు రెండుసార్లు ఆపి, మళ్లీ ఆన్ చేయాలి. అయినా బతుకుతూనే ఉన్నాడు, కాదనలేం.

హరిలాల్ అన్న కొడుకు సాయికిరణ్ కొత్తగూడెంలో డిగ్రీ చదువుతున్నాడు, అంటే సలహా ఇవ్వడానికి సర్టిఫికెట్ ఉన్న మనిషి. "ట్యాబ్‌ల దాచుడు పాతకాలం పద్ధతి చిన్నమ్మా. ఇప్పుడన్నీ నెట్‌లనే ఉంటయ్," అన్నాడు.

"వాగొచ్చినప్పుడు నెట్ ఏడుంటది?" అని అడిగింది ద్వాలి. సాయికిరణ్ తన ఫోన్‌లో ఏదో అర్జెంటు పని చూసుకున్నాడు.

మాజీ వార్డు మెంబరు ముసలయ్య మాత్రం రెండు వందల యాభై ఆరుకు తగ్గొద్దన్నాడు. యాభై ఆరు ఏమిటని అడిగితే, "ఏదైతే ఏంది, పెద్దది పెద్దదే," అన్నాడు. ఇంతమంది మధ్య చదువుకున్న మనిషినని నేనూ గొంతు సవరించుకుని, "అరవై నాలుగు సరిపోతుంది, ఎక్కువ ఆశ పనికిరాదు," అని తీర్పు చెప్పాను. ఆ అరవై నాలుగు నాకెక్కడ దొరికిందో దేవుడికే తెలియాలి.

మే నెలలో ఇల్లందులో మజహర్ మొబైల్ షాపుకు ఇద్దరం వెళ్లాం. ద్వాలి బ్లౌజులోంచి మడిచిన కాగితం తీసింది. అయిదు సబ్జెక్టులు, రెండు వందల పది పాఠాలు. మజహర్ తన ఫోన్‌లో ఒక పాఠం తెరిచి చూసి, ఒక్కోటి నాలుగు వందల ఎంబీ ఉంటుందన్నాడు. ద్వాలి వేళ్ల మీద లెక్క వేసుకుంది, మజహర్ క్యాలిక్యులేటర్ మీద వేశాడు. ఎనభై నాలుగు జీబీ అని ఇద్దరూ ఒకేసారి అన్నారు. అరవై నాలుగు అన్న పెద్దమనిషి గోడ మీది పోస్టర్లు చదవడంలో మునిగిపోయింది.

"అయితె నూట ఇరవై ఎనిమిది తీస్కో అక్కా, శాన మిగుల్తది," అన్నాడు మజహర్.

"తరుగు ఎంత భాయ్?" అంది ద్వాలి.

"తరుగు ఏంది?"

"బియ్యం బస్తా మీద యాభై కిలోలని రాసుంటది. తూకమేస్తె నలభై ఎనిమిదిన్నర ఎల్తది. పంతొమ్మిదేండ్ల సంది చూస్తున్న. దీని తరుగు ఎంతనో చెప్పు."

మజహర్ నవ్వబోయి ఆగాడు. షాపులో చూపించడానికి పెట్టిన ట్యాబ్ తెరిచి సెట్టింగుల్లోకి వెళ్లి చూశాడు. ఏమీ పెట్టకముందే ఇరవై రెండు జీబీ అదే తినేసి కూర్చుంది, మిగిలింది నూట ఆరు. "పదేండ్ల నుంచి అమ్ముతున్న అక్కా, ఈ మాట ఎవ్వరు అడగలె," అన్నాడు. ఎనభై నాలుగు పోయినా ఇంకా ఇరవై రెండు మిగులుతుందని తేలాక ద్వాలి తాను దాచుకున్న డబ్బు తీసి ఆ ట్యాబే కొంది. ఇంతమంది ఇంజినీర్లలో లెక్క తెలిసింది ఆమెకొక్కదానికే.

ఆ తర్వాత ప్రతి ఆదివారం సద్దిమూట కట్టుకుని మజహర్ షాపుకు వెళ్లేది. అతని వైఫైతో పాఠాలు దించుకుంటూ మూల స్టూలు మీద సాయంత్రం వరకు కూర్చునేది. మొదట తెలుగు, తర్వాత ఇంగ్లీషు, సైన్సు, సోషల్. భయపడే లెక్కలను ఆఖరికి నెట్టింది. మనమందరం చేసే పనే.

ఈలోగా ట్యాబ్‌లో ఖాళీ ఉందన్న వార్త తండాలో పాకింది. ఖాళీ జాగా కనిపిస్తే మనవాళ్లు ఆగుతారా? హరిలాల్ తీజ్ పండుగ పాటలూ, బావమరిది పెళ్లి వీడియోలూ తెచ్చి పాతాడు. సాయికిరణ్ ఏదో తుపాకుల ఆట, నాలుగు సినిమాలూ తెచ్చి గుడిసె వేశాడు. నాకు ఒళ్లు మండిపోయింది. "ఆమె చదువుకునే దాంట్లో మీ చెత్తంతా ఏంట్రా," అని ఇద్దరినీ నిలబెట్టి కడిగేశాను.

నా సంగతి వేరు. నేను పెట్టింది ఒక్కటే. ఖమ్మంలో మా మనవడి మొదటి పుట్టినరోజు వీడియో, మూడు గంటలు, ముప్పై జీబీ. నా ఫోన్ శుభోదయాలతో నిండిపోయి ఉంది మరి. పెన్‌డ్రైవ్ ఇచ్చి, "ఇందులో వెయ్యి ద్వాలీ, సెంటర్‌లో ఖాళీ ఉన్నప్పుడు చూసుకుంటాను," అన్నాను. అప్పటికి ట్యాబ్ సగం ఖాళీగానే కనిపించింది. రేపు నిండాల్సిన గాదెను ఖాళీ అనకూడదని ముప్పై ఏళ్లు బియ్యం రిజిస్టర్ రాసిన నాకు ఒకరు చెప్పాలా? ద్వాలి, "సరే టీచరమ్మా," అని ఎక్కించింది.

జూన్ ఆఖరి ఆదివారం లెక్కల కోసం వెళ్లింది. సాయంత్రం తిరిగొచ్చింది. మర్నాడే వాగు వచ్చింది.

ఆ వానాకాలమంతా ద్వాలి సెంటర్ వంటగదిలో పప్పు గిన్నె పక్కన ట్యాబ్ నిలబెట్టుకుని చదివింది. లెక్కలు ఎలా ఉన్నాయని అడిగితే, "అయితున్నయ్ టీచరమ్మా," అనేది. కొన్నాళ్లకు ట్యాబ్ పక్కన పెట్టి పుస్తకం పట్టుకుంది. కళ్లు నొప్పి పుడుతున్నాయేమో అనుకున్నాను. అనుకోవడానికి నాకు ఎప్పుడూ ఏదో ఒకటి దొరుకుతుంది.

నవంబరులో ఫలితాలు వచ్చాయి. నాలుగు సబ్జెక్టులు పాస్. లెక్కల్లో ముప్పై ఒకటి. ముప్పై అయిదు రావాలి.

ఆ రోజు నేను ఊరుకోవచ్చు కదా. "లెక్కలంటే మొదటి నుంచీ శ్రద్ధ ఉండాలి ద్వాలీ, ఆఖరికి నెట్టుకుంటే ఇట్లానే అవుతుంది," అని అరగంట చెప్పాను. పిల్లల పళ్లేలు కడుగుతూ అంతా విని, "అవ్ టీచరమ్మా," అంది.

డిసెంబరులో నా సన్మానం అయింది, శాలువా కప్పారు. నా కుర్చీలోకి ఇరవై అయిదేళ్ల అమ్మాయి వచ్చింది. తర్వాత ఛార్జర్ కోసం ఇల్లందు వెళ్తే మజహర్ గుర్తుపట్టాడు.

"అక్క పాసయిందా మేడం?"

కాలేదన్నాను. లెక్కలు పోయాయన్నాను.

"పోవా మరి," అన్నాడు. "లెక్కల పాఠాలు నలభై ఎనిమిదిట్ల ఇరవై ఏడే పడ్డయ్. మొగునివి, పిలగానివి అన్ని తీసేసింది, అయినా జాగా సాలలె. పుట్టినరోజు వీడియో ఒకటుండె, ముప్పై జీబీ. అదొక్కటి తీసేస్తె అన్ని పడ్తయ్ అక్కా అన్న. అది మా టీచరమ్మది, అడగకుండ ఎట్ల తీస్త అన్నది. మూడుసార్లు ఫోన్ చేసింది మేడం. కలవలె."

కలవదు. సిగ్నల్ లేదనే కదా ఆ ట్యాబ్ కొన్నది.

ఛార్జర్ తీసుకోకుండానే బస్సెక్కాను. సిగ్గుతో చచ్చిపోయాను. తండాకు చేరేసరికి ద్వాలి వంటగదిలో కోడిగుడ్ల పెంకు తీస్తోంది. ఆమె ఎదురుగా కింద కూర్చున్నాను. పంతొమ్మిదేళ్లలో అక్కడ అలా కూర్చోవడం అదే మొదటిసారి.

"వచ్చాకైనా నాకెందుకు చెప్పలేదు ద్వాలీ?"

"చెప్తె ఏమైతుండె టీచరమ్మా, తెల్లారి వాగొచ్చె. ఊకె మీకు బాధ."

"పరీక్ష పోయాక నేనన్ని మాటలు అన్నాను కదా, అప్పుడైనా..."

ఆమె జవాబు చెప్పబోయింది. ఇంతలో గదిలోంచి కొత్త టీచర్, "ఆయా, పిల్లలకు అన్నం పెట్టు," అని పిలిచింది. ద్వాలి గుడ్ల గిన్నె ఎత్తుకుని వెళ్లింది.

ఆ వీడియో మా అబ్బాయి దగ్గర ఒకటుంది, ఫొటోగ్రాఫర్ దగ్గర ఒకటుంది, నా పెన్‌డ్రైవ్‌లో ఒకటుంది. ద్వాలి ట్యాబ్‌లో దాన్ని నేను ఒక్కసారి కూడా తెరిచి చూడలేదు.