హజ్జియాకు అన్నం పెట్టిందెవరు

ఈ సంగతి ఇన్నాళ్లూ రాయకపోవడానికి భయం కారణం కాదు. నాకు రాయడం వచ్చేది కాదు, అంతే. యాభై దాటాక, శుక్రవారం సెలవు పూట, ఇక్కడ కువైట్‌లో, ఫింటాస్‌లో ఉండే ఒక విజయవాడ ఇంజనీరు గారి భార్య దగ్గర అక్షరాలు దిద్దుకున్నాను. అంతవరకూ దీన్ని నోటితోనే చెప్పాను. చెప్పిన ప్రతిసారీ అది ఇంకోలా తయారై నా దగ్గరికే తిరిగొచ్చింది. ఒకామె దానికి తెల్ల చీర కట్టింది. ఇంకొకామె గజ్జెల చప్పుడు కలిపింది. ఊరి నుంచి మా చెల్లెలు ఫోన్ చేసి, "సముద్రంలోనించి లేచొచ్చినాదంట గదా అక్కా ఆ దయ్యం!" అంది. సముద్రంలోంచి ఏదీ రాలేదు. చీర లేదు, గజ్జెలు లేవు. జరిగింది జరిగినట్టు ఒకచోట ఉండాలని రాస్తున్నాను.

దయ్యాలను నేను నమ్మను. మా ఊళ్లో ఎవరి ఇంట్లో ఆడమనిషి పోయినా, స్నానం చేయించడానికి నన్నే పిలిచేవాళ్లు. పోయినవాళ్లు ఎంత బరువుగా, ఎంత మౌనంగా ఉంటారో నా చేతులకు తెలుసు. వాళ్లు లేచి వస్తారంటే నాకు నవ్వొచ్చేది.

నేను జాబ్రియాలో ఒక కువైటీ ఇంట్లో పని చేస్తాను. ఇంటి యజమానురాలిని మేం మామా అంటాం. ఆమె బడిలో టీచరు. వాళ్ల అమ్మ హజ్ చేసొచ్చిన పెద్దావిడ, అందుకని ఇంట్లో అందరూ హజ్జియా అంటారు. హజ్జియాను చూసుకోవడమే నా పని. నాకు ముందు ఆ పని మా పక్క ఊరి నాగమ్మ చేసేది. చాలా ఏళ్లు చేసి, మోకాళ్లు అరిగిపోయి ఇంటికి వెళ్లిపోయింది. ఆమె చోటికి నేను వచ్చాను.

ఆ చలికాలం హజ్జియా జ్వరంతో ఆసుపత్రిలో పడింది. జ్వరం తగ్గింది గానీ తిండి మానేసింది. గొంతు బాగానే ఉంది, మింగగలదు, మింగాలనే లేదు అన్నాడు డాక్టరు. మెత్తటి సూపు స్పూనుతో పెడితే కాసేపు నోట్లో ఉంచుకుని పక్కనుంచి వదిలేసేది. మాట ఆగిపోయింది. చేతులు దుప్పటి మీంచి లేచేవి కావు. ఇలాగే ఉంటే ముక్కులోంచి గొట్టం వేయాలి, ఆదివారం తీసుకురండి అన్నాడు. ఆ మాటకు మామా ముఖం తిప్పేసుకుంది. వాళ్ల నాన్న చివరి రోజులన్నీ ఆ గొట్టంతోనే గడిచాయట.

అందుకని గురువారం సాయంత్రం మమ్మల్నందరినీ ఒక హోటలుకు తీసుకెళ్లింది. ఫింటాస్ దాటాక సముద్రం ఒడ్డున ఉంటుంది. చాలా పాతది. హజ్జియా బాగున్న రోజుల్లో ఏటా అక్కడికే వెళ్లేవాళ్లట. ఆ నీళ్లు చూస్తే మళ్లీ ఆకలి పుడుతుందేమోనని మామా ఆశ.

గదికీ తిండికీ కలిపి ఒకటే రేటు. వెళ్లగానే చేతికి ప్లాస్టిక్ పట్టీ కట్టారు. అది ఉంటే పొద్దున్నుంచి రాత్రి దాకా ఎంతైనా తినొచ్చు. ఇంటివాళ్లకు నీలం, పనివాళ్లకు పసుపు. పసుపు పట్టీ వాళ్లం ఇంటివాళ్లు లేచాక తలుపు దగ్గరి బల్లల మీద తినాలి. హజ్జియాకూ నీలం పట్టీ కట్టారు. ఆ సన్నటి మణికట్టు మీద అది నిలవక జారిపోతుంటే నేనే మడిచి బిగించాను.

హజ్జియాకూ నాకూ మొదటి అంతస్తులో ఒక గది. సముద్రం వైపు పెద్ద అద్దం తలుపు ఉంది గానీ ఉప్పుగాలికి తుప్పు పట్టి జరగదు. మామా ఫిర్యాదు చేస్తే ఇద్దరు మనుషులొచ్చి గుంజి చూసి, సారీ చెప్పి పోయారు. అంటే ఆ గదికి వరండా వైపు తలుపు తప్ప ఇంకో దారి లేదు.

శుక్రవారం మధ్యాహ్నం భోజనాల వేళ అయిపోవచ్చింది. మామా పిల్లలతో ఈతకొలను దగ్గర ఉంది. నేను హజ్జియాను దిండ్లకు ఆనించి కూర్చోబెట్టి, తలుపు వేసి, తాళం కార్డు మెడలో వేసుకుని సూపు కోసం కిందికి వెళ్లాను.

సూపు గిన్నెల దగ్గర పనిచేసే సుబ్బరాయుడు మా జిల్లావాడే.

"ఏమక్కా, ఈపొద్దు గూడా నీళ్ల సూపేనా? ఆ ముసలామెకేమో గానీ దాన్ని పోసి పోసి నాకే ఇసుగొస్తాంది," అన్నాడు.

"నోరు మూసుకోని పొయ్యి నాయనా. సల్లారిపోతాది."

"ఎట్లా పోసినా ఎనక్కే వస్తాది గదక్కా. సగమే పోస్తాలే."

వాడి మాటకు నవ్వి గిన్నె పట్టుకుని మెట్లెక్కాను. వరండాలో ఎవరూ ఎదురు కాలేదు. కార్డు పెట్టి తలుపు తీశాను.

చేప వాసన. నూనెలో వేయించిన చేప, వేడి అన్నం, రెండూ కలిసిన వాసన.

అద్దం తలుపు దగ్గర ఉండాల్సిన కుర్చీ మంచానికి ఆనుకుని ఉంది. బరువైన పాతకాలపు కుర్చీ. దాన్ని లాగిన చార కార్పెట్ మీద కనబడుతోంది. కుర్చీ మీద ఒక పళ్లెం. అంచున చేప ముళ్లు, పెద్ద ముల్లు విరక్కుండా. అడుగున నాలుగు మెతుకులు. హజ్జియా తలగుడ్డ కొసను ఎవరో గడ్డం కింద మడిచి పెట్టారు, చిన్నపిల్లలకు పెట్టినట్టు.

హజ్జియా నములుతోంది.

నేను గిన్నె కింద పెట్టేలోపు ఆమె మింగింది. గొంతు కదలడం చూశాను. సూపు స్పూను నోటి దగ్గరికి తీసుకెళ్తే, "బస్," అంది. చాలు అని. ఆసుపత్రి నుంచి వచ్చాక ఆమె నోట విన్న మొదటి మాట అది.

ఆ తర్వాత నేను చేసిన పనికి విన్నవాళ్లందరూ నన్ను తిట్టారు. ఎంగిలి పళ్లెం కళ్లెదుట ఉంటే నేను నిలబడలేను. ఇన్నేళ్లుగా ఇళ్లలో పని చేసిన చేతులు, అవి నన్ను అడగవు. ఆమె మూతి తుడిచాను. ముళ్లు కాగితంలో చుట్టి చెత్త సంచీలో వేశాను. చేప వాసన మామాకు పడదని సంచీ కట్టి తలుపు బయట పెట్టాను. పళ్లెం సబ్బుతో కడిగాను. హోటల్లో ఖాళీ పళ్లాలు తలుపు బయట పెడితే వాళ్లే తీసుకెళ్తారు కాబట్టి దాన్నీ అక్కడే పెట్టాను. కుర్చీ కూడా అద్దం తలుపు దగ్గరికి జరిపేశాను. అన్నీ అయ్యాక మంచం అంచున కూర్చున్నాను. అప్పుడు తట్టింది. ఈ అన్నం ఎవరు పెట్టారు?

పరుగున వెళ్లి తలుపు తీశాను. సంచీ లేదు, పళ్లెం లేదు. గదులు ఊడ్చేవాళ్లు బండి తోసుకుంటూ వచ్చి తీసుకెళ్లిపోయారు. ఆ పళ్లెం తెల్లగా లేదని, అంచున నీలం గీత ఉందని అప్పుడు గుర్తొచ్చింది. ఆ హోటల్లో పళ్లాలన్నీ తెల్లవే.

అంతలో మామా వచ్చింది. గుమ్మంలోనే ఆగి గాలి పీల్చింది. మా ఇద్దరి మాటలూ సగం అరబ్బీ, సగం సైగలు. తెలుగులో రాస్తే ఇలా ఉంటుంది.

"చేప పెట్టావా?"

"నేను పెట్టలేదు మామా."

"మరి గోడ పెట్టిందా?"

నా రెండు చేతులూ పట్టుకుని వాసన చూసింది. సబ్బు వాసన.

"కడిగేసుకున్నావు."

"పళ్లెం కడిగాను మామా. పెట్టింది నేను కాదు."

"ముళ్లున్నవి వద్దన్నాడు కదా డాక్టరు! గొంతులో గుచ్చుకుంటే?" అంటూ ఫోను వెలుగులో వాళ్లమ్మ నోరంతా చూసింది. ముల్లు లేదు. పంటి సందున మెతుకు ఉంది. ఆ మెతుకు చూశాక మామా గొంతు మారిపోయింది. మంచం పక్కన మోకాళ్ల మీద కూర్చుంది.

"యుమ్మా, ఎవరమ్మా పెట్టింది?"

హజ్జియా కళ్లు మూసుకునే, "నాగమ్మ," అంది.

మామా నావైపు చూసింది. నాగమ్మ ఎక్కడుందో ఇద్దరికీ తెలుసు.

కిందికి వెళ్లి సుబ్బరాయుణ్ణి అడిగాను.

"చేప యాడిదక్కా ఈపొద్దు? గాలికి పడవలే పోలేదంట. కోడి, గొర్రె, అంతే," అన్నాడు. నీలం గీత పళ్లెం కోసం వంటింట్లో వెతికి, లేదన్నాడు. మామా రిసెప్షన్‌కు వెళ్లింది. ఆ తలుపు ఏ కార్డుతో తెరిచారో వాళ్ల కంప్యూటరులో కనబడుతుందట. నేను సూపుకు వెళ్లి తిరిగొచ్చేలోపు ఆ తాళం ఎవరూ తీయలేదు. మామా పైకొచ్చి, "ఖలాస్. తిన్నది కదా, చాలు," అంది. నన్ను నమ్మిందో లేదో చెప్పలేదు. రాత్రికి సూపు పెడితే మాత్రం హజ్జియా మళ్లీ పక్కకు వదిలేసింది. ఆదివారం గొట్టం తప్పదని మామా ఫోనులో ఎవరితోనో అంటుంటే విన్నాను.

అది విన్నాక నాగమ్మకు ఫోన్ చేశాను. నిజం చెప్పాలంటే, ఎవరో ఏడుస్తూ ఎత్తుతారనే అనుకున్నాను. ఆమే ఎత్తింది.

"ఏం మే రమణమ్మా, ఇంత పొద్దుపోయినాక?"

"నువ్వు బాగుండావా అక్కా?"

"బాగుండక సచ్చినా అనుకున్యావా? మోకాళ్లు తప్ప అన్నీ బాగుండాయి. మద్యాన్నమంతా శనక్కాయలు వొలిసినా, గోళ్లు మంటెత్తుతాండాయి."

జరిగింది చెప్పాను.

"నేనెట్లా వస్తా మే ఆడికి? నీకేమన్నా ఎర్రా?" అంది. మళ్లీ తనే, "ఆ యమ్మ స్పూనుకు నోరు తెరవదు. ఎప్పుడూ అంతే. కింద కూచ్చోని చేత్తో ముద్ద పెట్టాల. మామాకు రోత అని, ఆమె లేనప్పుడు పెడతాంటి. ఈ మాట నీకెవురూ చెప్పల్యా?" అంది.

ఎవరూ చెప్పలేదు. ఆసుపత్రిలో నర్సు నాకు నేర్పింది చేతితొడుగూ, స్పూనూ.

చచ్చినవాళ్లయితే ఏదో ఒకటి అనుకుని ఊరుకునేదాన్ని. నాగమ్మ బతికే ఉంది, తన వాకిట్లో శనక్కాయలు వలుస్తూ ఉంది. నాకు అక్షరాలు నేర్పినావిడ, "మీరే పెట్టి మర్చిపోయుంటారండీ రమణమ్మ గారూ. అలసటలో అలా అవుతుంది," అన్నారు. కావచ్చునని నేనూ చాలాసార్లు అనుకున్నాను. కానీ లేని చేపను ఎక్కణ్ణుంచి తెచ్చాను? హజ్జియా చేతులు లేవవు, తనంతట తాను తినలేదు. వేరే ఎవరైనా వచ్చారంటే తలుపు తెరుచుకోలేదు. ఇంతవరకే నాకు తెలుసు. దీనికి అర్థం ఈరోజుకీ చెప్పలేను.

మర్నాడు శనివారం పొద్దున, నేను పనివాళ్ల వంటింటికి వెళ్లి సుబ్బరాయుణ్ణి ఒక గిన్నెడు అన్నం, కాస్త పప్పు అడిగాను. వాటితో పైకొచ్చి మామా గది తలుపు తట్టాను. "మీరు చూస్తుండగా ఒక పని చేస్తాను. వద్దంటే మానేస్తాను," అన్నాను. ఆమె నా వెనకే వచ్చింది. చేతులు కడుక్కున్నాను. చేతితొడుగు వేసుకోలేదు. నేల మీద కూర్చుని అన్నం, పప్పు మెత్తగా పిసికి, చిన్న ముద్ద చేసి హజ్జియా నోటి దగ్గర పట్టుకున్నాను. మామా తలగుడ్డ కొసతో ముక్కు మూసుకుని నిలబడింది. హజ్జియా ఆ ముద్దను చూసింది, నా చేతిని చూసింది. చాలాసేపు చూసింది. నా భుజం నొప్పెట్టినా చెయ్యి దించలేదు.

నోరు తెరిచింది. నమిలింది. మింగింది.

మామా ముక్కు మీంచి తలగుడ్డ కొస తీసేసి, నా పక్కన వచ్చి నేల మీద కూర్చుంది. నేను రెండో ముద్ద కలిపాను.