మా అత్తగారి ముక్కు

పోయిన గురువారం తెల్లవారుజామున మా అత్తగారు నిద్రలోనే పోయారు. ఫోన్ చేసి చెబితే బంధువుల్లో సగంమంది ముందు అడిగింది ఒకటే: "గ్యాసా?" రాజపాళయంలో ఆవిడ అనుమానానికి అంత పేరు.

"నవ్వే మనిషినన్నా నమ్మొచ్చు, సిలిండర్ని నమ్మరాదు" అనేవారు. రోజూ పొద్దున ట్యూబుకు సబ్బు నురగ పూసి, ఎక్కడైనా బుడగ లేస్తుందేమోనని కళ్లద్దాలు పెట్టుకుని చూసేవారు. ఆదివారం వస్తే బర్నర్లు చింతపండు నీళ్లలో నానాలి, ఒక్కో రంధ్రాన్నీ సూదితో శుభ్రం చేయాలి. మంట నీలంగా రాకపోతే మళ్లీ విప్పాల్సిందే. నేను తోమిపెట్టినదాన్ని ఆవిడ మళ్లీ వేలితో తడిమి చూస్తుంటే నాకు ఒళ్లు మండేది.

దాన్నైనా ఓర్చుకోవచ్చు. పొయ్యి వెలిగించే ముందు ప్రతిసారీ నన్ను పిలవడమే నాకు గిట్టేది కాదు.

"వాసన వస్తాదా చూడమ్మా."

మిద్దె మీద బట్టలు ఆరేస్తున్నా దిగి రావాలి. రాత్రి నేను నాబ్ సరిగ్గా కట్టలేదని నా నోటితోనే చెప్పించాలని చూస్తున్నారు, ఇదంతా నాకు పరీక్ష అనుకున్నాను. నేనేం తక్కువ తిన్నానా? పదకొండేళ్లూ ఆవిడను అనుమానంగానే చూశాను.

ఒకరోజు విసుగెత్తి "వస్తోందత్తా" అని అబద్ధం చెప్పాను. అంతే! రెగ్యులేటర్ కట్టేసి, కిటికీలన్నీ తెరిచి, నా నెలల బిడ్డను ఎత్తుకుని నన్ను కూడా లాక్కుని వీధిలోకొచ్చేశారు. మెకానిక్ వచ్చి అంతా చూసి ఏమీ లేదన్నాడు. ఆవిడ వదిలితేనా?

"నా కోడలు వాసన వచ్చినాదని చెప్పినాది. వచ్చే ఉంటాది. మళ్లా చూడప్పా!"

నన్ను ఎత్తిపొడుస్తున్నారనుకుని రెండు రోజులు మూతి ముడుచుకున్నాను.

ఇప్పుడు, ఆవిడ పోయిన మూడోనాడు, సత్రపట్టి నుంచి వచ్చిన ఆవిడ చెల్లెలు వంటింట్లో నా పక్కన కూర్చుని అడిగారు. "అక్కకు వాసన తెలీదని నీకు చెప్పినాదా?"

"ఎవరికి పిన్నత్తా?"

"అక్కకేనమ్మా. నీ పెండ్లికి ముందే జరం వచ్చి ముక్కు పోయినాది. మల్లెపూలూ ఒకటే, మురిక్కాలువా ఒకటే. తెలిస్తే పొయ్యి దగ్గరికి రానియ్యరని ఎవరికీ చెప్పలే. కోడలు వచ్చినాక నాకు ముక్కు తిరిగొచ్చినాది అనేది."

ముందు నమ్మలేదు, నన్ను ఓదార్చడానికి కల్పించారనుకున్నాను. తర్వాత మెకానిక్ ముందు ఆవిడ మొండికేసింది గుర్తొచ్చి, ఏడుపు ఆగలేదు. నా అబద్ధాన్ని కూడా నమ్మిన మనిషిని నేను ఒక్కరోజు నమ్మలేదు.

ఎన్ని పొద్దులో, లోపలికి వెళ్లి వాసన చూడకుండానే, మెట్ల మీద నుంచే "రాలేదత్తా!" అని అరిచాను. ఆ మాట విని, ఆవిడ పొయ్యి మీదికి మొహం వంచి అగ్గిపుల్ల గీసేవారు.