ఈ బాబిన్లు ఎవరు చుట్టారు?

మొయినాబాద్ దాటి చేవెళ్లకు పోయే రోడ్డు పక్కన ఉన్న కంప్యూటర్ ఎంబ్రాయిడరీ యూనిట్‌లో ప్రొడక్షన్ ఇన్‌చార్జిగా చేరడం నా ఉద్యోగ జీవితంలో ఆఖరి మజిలీ. అంతకుముందు నగరంలో ఇవే మిషన్ల మీద సగం జీవితం గడిపాను కాబట్టి నాకు తెలియనిది లేదనుకునేవాణ్ని. ఇప్పుడు చెప్పబోయేది రిటైరు కావడానికి మూడేళ్ల ముందు, కాలేజీలు తెరిచే జూన్ నెలలో జరిగింది.

ఎంబ్రాయిడరీని చూసినవాళ్లు పై దారం రంగుల్నే మెచ్చుకుంటారు. కింద బాబిన్ అనే చిన్న కండెకు చుట్టిన తెల్లదారం ఒకటి ఉంటుందని ఎవరికీ పట్టదు. మా దగ్గర పన్నెండు హెడ్ల మిషన్లు రెండు ఉండేవి. పన్నెండు హెడ్లంటే ఒకే డిజైన్‌ను ఒకేసారి పన్నెండు ముక్కల మీద కుట్టే తలలు, వాటికింద పన్నెండు బాబిన్లు. ప్లాస్టిక్ బాబిన్ల అంచులు వంగిపోతాయని నేను అల్యూమినియం తప్ప ఒప్పుకునేవాణ్ని కాదు. చుట్టిన బాబిన్‌ను కేసులో పెట్టి, దారం కొస పట్టుకుని వేలాడదీయాలి. కేసు కదలకుండా నిలబడి, చేయి కొంచెం ఎగరేస్తే అంగుళం మేర జారి ఆగాలి. అలాగే జారిపోతే వదులు, అసలు జారకపోతే బిగువు. కుట్టాక ముక్కను తిరగేస్తే నడుమ మూడో వంతు తెల్లదారం కనిపించాలి. కొత్తగా చేరినవాళ్లకు నేను మొదట నేర్పే పాఠం ఇదే.

బాబిన్లు చుట్టే పని యాదమ్మది. సురంగల్ మనిషి. అంతకుముందు కూరగాయల తోటల్లో కూలికి పోయేది, అప్పటికి నాలుగేళ్లుగా మా దగ్గర చేస్తోంది. తలుపు పక్కన చిన్న చుట్టుడు మిషన్ ముందు కూర్చుని, ఒక్కో బాబిన్‌ను గోరుతో నొక్కి చూసి డబ్బాలో వేసేది. నిదానం ఎక్కువ. ఆ నిదానం నాకు గిట్టేది కాదు.

ఆ జూన్‌లో ఒక ఇంజనీరింగ్ కాలేజీ యూనిఫాం చొక్కాల జేబులకు చిహ్నం కుట్టే ఆర్డర్ వచ్చింది. జేబు ముక్కలు కత్తిరించి మాకు పంపారు, తప్పులు పోతాయేమోనని గుడ్డ బాగానే అదనంగా ఇచ్చారు. నగరం నుంచి ముందే చుట్టి వచ్చే రెడీమేడ్ బాబిన్లు అదే వారం అయిపోయి, అంతా యాదమ్మ చుట్టేవాటి మీదే పడింది. పదకొండు గంటలకల్లా డబ్బాలో ఒక మిషన్‌కు సాయంత్రందాకా సరిపోయేవే మిగిలి, రెండో మిషన్ బాబిన్ల కోసం ఆగిపోయింది. ఆగిన మిషన్‌ను చూస్తే నాకు ఒంటి మీద జెర్రులు పాకినట్టుంటుంది. వెళ్లి యాదమ్మ ముందున్న మిషన్ స్పీడు మీటను చివరిదాకా తిప్పి, దారం గట్టిగా పడాలని దాన్ని నొక్కిపట్టే బిళ్లను కూడా బిగించాను.

"సారూ, బాబిన్ చేతుల వెచ్చగ తాకుతున్నది. గింత జోరుగ తిప్పితె ఎట్ల?" అంది.

"వెచ్చగా ఉంటే చల్లారాక ఇవ్వు" అన్నాను. పక్కనున్న వాళ్లు నవ్వారు. నేనేదో చమత్కారం చేశాననుకుని నేనూ నవ్వాను.

సాయంత్రానికి ముక్కలన్నీ నున్నగా వచ్చాయి. ఇస్త్రీ చేసి కట్టలు కట్టించాను. మర్నాడు పొద్దున ఒక కట్ట విప్పాను. చిహ్నం చుట్టూ గుడ్డ గుంజుకుపోయి, ఎండిన అప్పడంలా ముడుచుకుంది. రెండో కట్టా అంతే. మూడోది విప్పడానికి నా చేతులు రాలేదు. సూదులు చూశాను, వెనక పెట్టే కాగితం చూశాను, పై దారం బిగువు చూశాను. అన్నీ సరిగానే ఉన్నాయి. తప్పు దొరకనికొద్దీ భయం పెరిగింది. చివరికి అప్పుడే చుట్టిన బాబిన్ ఒకటి చేతిలోకి తీసుకున్నాను. వెచ్చగా ఉంది.

అప్పుడు అర్థమైంది. పాలిస్టర్ దారాన్ని బిగించి అతివేగంగా చుడితే రాపిడికి వేడెక్కి సాగుతుంది. సాగిన దారంతోనే కుట్టు పడుతుంది. కొన్ని గంటలకు దారం మళ్లీ తన పొడవుకు ముడుచుకుంటుంది, గుడ్డనూ లాక్కుపోతుంది. ఇది పుస్తకంలో చదివినదే. చదివి కూడా ఆ మీట తిప్పింది నేనే.

అంతలో యజమాని వచ్చాడు. ముక్క చూడగానే ముఖం ఎర్రబడింది. "ఈ బాబిన్లు ఎవలు చుట్టిన్రు?" అని అడిగాడు.

"యాదమ్మ" అన్నాను.

అబద్ధం కాదు. అంతకుమించి ఒక్క మాట కూడా నా నోట రాలేదు. ఆ వయసులో ఈ ఉద్యోగం పోతే ఇంకోటి దొరకదన్న భయం నా నాలుకను పట్టుకుంది. "రేపటిసంది ఆమెను రావద్దని చెప్పుండ్రి. గుడ్డ సాలకుంటె కాలేజోళ్లకు ఏం జవాబు చెప్పాలె?" అంటూ ఫోన్ తీసుకుని బయటికి వెళ్లాడు. యాదమ్మ అన్నీ వింటూ తలుపు పక్కనే నిలబడి ఉంది.

నేను ఆమె వైపు చూడలేకపోయాను. ఆమే దగ్గరికొచ్చింది.

"సారూ, కట్టల మీది చీటీలు చూసిన్రా?" అంది.

ప్రతి కట్టకూ ఏ మిషన్ మీద కుట్టారో చీటీ పెట్టడం మా పద్ధతి. చూశాను. ముడుచుకున్నవన్నీ రెండో మిషన్‌వి. మొదటి మిషన్ కట్టలు విప్పితే ఒక్క ముక్కకూ ముడత లేదు.

"మీరు స్పీడు పెంచకముందు చుట్టినయి డబ్బనిండ ఉండె. అవి ఒకటో మిషన్‌కిచ్చిన. వెచ్చగున్నయి రెండోదానికే ఇచ్చిన. కలిస్తె ఏది ఏందో తెల్వదు గదా" అంది. అంటే సగం ఆర్డర్ దక్కింది. మిగతా సగానికి అదనపు గుడ్డ సరిపోతుంది.

ఈ మాట యజమాని ముందే ఎందుకు చెప్పలేదని అడిగాను. "నేను చెప్తె నమ్ముతరా సారూ? మీరు చెప్తరేమోనని చూసిన" అంది. ఆ గొంతులో కోపం ఉంటే నాకు కొంత తేలిక అయ్యేది. లేదు.

బయటికి వెళ్లి, స్పీడు పెంచింది నేనని, ఆమె వద్దన్నా వినలేదని యజమానికి చెప్పాను. ఫోన్ పెట్టేసి గుమ్మం దాకా వచ్చాడు. "జర ముందుగాల చెప్తె ఏం పోయింది?" అన్నాడు. అందరి ముందూ అన్నాడు, పడ్డాను. యాదమ్మను మాన్పించలేదు, నన్నూ మాన్పించలేదు.

లోపలికొచ్చేసరికి ఆమె మళ్లీ చుట్టుడు మిషన్ ముందు కూర్చుని ఉంది. "ఇప్పుడు ఎంత మీద పెట్టమంటరు సారూ?" అని అడిగింది. నువ్వే పెట్టుకోమన్నాను. రిటైరయ్యేదాకా మళ్లీ ఆ మీట ముట్టుకోలేదు.

ఆ తరువాత ఎప్పుడు సరుకు చెడినా, ఎవరు చేశారని కాక సెట్టింగ్ ఎవరు మార్చారని ముందు అడిగేవాణ్ని. మార్చింది నేనైతే నా పేరే చెప్పేవాణ్ని. అయితే మొదటిసారి ఆ పేరు చెప్పింది సగం ఆర్డర్ దక్కిందని తెలిశాకే. మొత్తం పోయి ఉంటే చెప్పేవాణ్నో లేదో నాకు ఇప్పటికీ తెలియదు.