కోడి చెప్పందే కూర్చోని తరగతి

మా అత్త ట్రంకుపెట్టె మూత ఎత్తగానే మొదట నాఫ్తలీన్ ఉండల వాసన, దాని వెనకాల ఏళ్ళ తరబడి మడత విప్పని చీరల వాసన, ఆ రెండింటి అడుగునుంచి కొంచెం ఆలస్యంగా, పిలవని చుట్టంలాగా, కాలిన కాగితమూ మేకతోలూ కలిసిన వాసన వచ్చింది. అది కంజర. చర్చిలో పాటలకు వాయించేది. తోలు ఒక పక్క చినిగింది, అంచు చుట్టూ ఉండే ఇత్తడి బిళ్ళల్లో రెండు జతలే మిగిలాయి. అత్త పోయి నెల దాటింది. నంద్యాలలోని ఆ ఇంట్లో ఇప్పుడు ఆమె కోడలు సుగుణ ఉంటోంది.

"కూర్చోక్కా, ఎంతసేపు నిలబడతావు" అంది సుగుణ. నడుం నొప్పి అన్నాను. నా వయసులో ఆ మాట చెబితే ఎవరూ ఆరా తీయరు.

మాది ఆళ్లగడ్డ. డెబ్బైల్లో మా ఇంటి వెనక వీధంతా రాతిబొమ్మలు చెక్కేవాళ్ళే ఉండేవారు. ఉలి చప్పుడుతోనే మెలకువ వచ్చేది, చప్పుడు మెత్తబడితే దేవుడి మొహం దాకా వచ్చారని, గట్టిగా దిగుతుంటే ఇంకా పీఠం దగ్గరే ఉన్నారని దుప్పటి తీయకుండానే చెప్పేదాన్ని. ఇది చదువు కిందికి రాదని మా నాయన అభిప్రాయం. అందుకే ఆరో ఏట నన్ను నంద్యాలకు తీసుకొచ్చి, ఒకటో తరగతి చెప్పే తన చెల్లెలి దగ్గర దించిపోయాడు.

"ఇంట్లో అత్తను, బడిలో టీచర్‌ను. రెండూ కలపగాకు" అని ఆమె మొదటిరోజే చెప్పింది.

అత్త అప్పటికి ఏడేళ్ళుగా టెంపరరీ. మామ లేడు, చంకలో పిల్లవాడు. పర్మినెంటు అనే మాట ఆ ఇంట్లో పరలోకం అనే మాటతో సమానంగా, నిజం చెప్పాలంటే కొంచెం ఎక్కువగానే వినబడేది.

ఆ వానాకాలం బడి బయటంతా నల్లరేగడి బురద. మేం నలభైమందిమి బొరుగుల పొట్లాలు, తడిసిన సంచులు, జొన్నరొట్టె వాసనలతో సహా ఒకే గదిలో ఇరుక్కుని, టీచరు ఒకటి చెబుతుంటే నలభై చెప్పుకునేవాళ్ళం. పక్క గదుల్లో దీనికి మందు బెత్తం. అత్త చర్చి నుంచి కంజర తెచ్చింది. చెమ్మకు తోలు మెత్తబడితే పాత కాగితాలు కాల్చి ఆ సెగకు పట్టేది. ఒక దెబ్బకు నడవాలి, రెండు దెబ్బలకు కుంటాలి, బిళ్ళలు గలగలమంటే పరుగెత్తాలి, చప్పుడాగితే ఎక్కడివాళ్ళక్కడ రాయి కావాలి. చల్లని నాపరాళ్ళ మీద ఎనభై వట్టికాళ్ళ చప్పుడు ఒక్కసారిగా ఆగిపోతే, చూరు నుంచి కారే నీళ్ళు వినబడేవి. తర్వాత కళ్ళు మూయించి, కంజరను వేలితో తాకీ తాకనట్టు మోగిస్తూ గదిలో తిరిగేది. ఆ చప్పుడు వెంట మేం నడవాలి. "వినండి" అని ఆమె ఒక్కసారి కూడా అనలేదు. మేం గోల చేసేకొద్దీ తను చప్పుడు తగ్గించేది. ఉలిచప్పుళ్ళ మధ్య పెరిగిన నేను ఎప్పుడూ ఆమె కొంగు దగ్గరే తేలేదాన్ని. అలాంటప్పుడు ఆమె చెయ్యి ఒక్క క్షణం నా తలమీద ఆగేది. దానికోసం నేను నంద్యాల చెరువులో అయినా నడిచేదాన్ని.

అన్నిటికంటే గొప్ప ఆట కోడిది. "కోడి చెప్పింది, కూర్చోండి" అంటే కూర్చోవాలి. ఉత్తి "కూర్చోండి" అంటే కదలకూడదు. కదిలినవాళ్ళు గోడ దగ్గరకు పోయి కోడిలాగా కూయాలి.

"ఎవురు చెప్పినా సరే కదలగాకండి. పైనుంచి దేవుడు దిగొచ్చి చెప్పినా సరే. కోడి చెప్పల్ల, అప్పుడే కదలల్ల" అనేది అత్త.

దేవుడు రాలేదు. క్రిస్మస్ సెలవులయ్యాక ఇన్‌స్పెక్టరు వచ్చాడు. ముందురోజే కంజర బీరువా వెనక్కి పోయింది. దాన్నిబట్టే నాకు కొంత అర్థం కావలసింది.

ఆయన లోపలికి రాగానే లేచి నిలబడ్డాం. "కూర్చోండి" అన్నాడు. ఎవరూ కూర్చోలేదు.

"ఏందీ, వినపడల్యా? కూర్చోండప్పా!"

ఒకడు మోకాళ్ళు వంచబోతే పక్కవాడు చొక్కా పట్టి పైకి లాగాడు. నేను ముందు వరుసలో ఉన్నాను. పెద్దమనిషి ఇబ్బంది పడుతున్నాడని, సాయంగా, "కోడి చెప్పల్ల సార్" అన్నాను.

"ఏ కోడి?"

అత్తను చూపించాను.

హెడ్మాస్టరుకు దగ్గు వచ్చింది. ఇన్‌స్పెక్టరు అత్త వైపు తిరిగాడు. నాకు గుండె ఎగిరి గంతేస్తోంది. రెండు మాటలు, "కోడి చెప్పింది" అంటే చాలు, నలభైమందిమీ ఒక్క చప్పుడుతో కూలబడతాం, ఆయన నోరు తెరుస్తాడు, అత్త పర్మినెంటు అయిపోతుంది.

"కూర్చోండి" అంది అత్త. కోడి లేదు.

ఆహా, ఆయన ముందు మనల్ని పరీక్షిస్తోంది అనుకుని ఇంకా బిగుసుకుని నిలబడ్డాం.

"ఈ పాప సార్," అంది అత్త నన్ను చూపిస్తూ, "యాడో పల్లె నుంచి కొత్తగా వచ్చింది. ఈ పిచ్చి ఆటలన్నీ తెచ్చి అందర్నీ చెడగొడతాంది."

ఆళ్లగడ్డ పల్లె అని నాకు అప్పుడే తెలిసింది. నేను ఎవరి కూతురినో ఆమె చెప్పలేదు. చెంపకని ఆమె విసిరిన దెబ్బ చెవికి తగిలింది. ఆ గదిలో చప్పుళ్ళు బాగా వినబడతాయని చెప్పాను కదా. ముప్పైతొమ్మిదిమందీ కూర్చున్నారు. కోడి ఏమీ చెప్పలేదు. నేను మాత్రం నిలబడే ఉన్నాను.

ఆ సాయంత్రం నా కంచంలో, ఆదివారం కాకపోయినా, ఉడికించిన గుడ్డు ఉంది. కోడి తరఫున వచ్చిన క్షమాపణ అనుకోవాలి. దాన్ని ముట్టుకోలేదని గొప్ప చెప్పుకోవచ్చు గానీ, తిన్నాను. అత్త తినలేదు.

తర్వాత మా గదిలోకి కూడా బెత్తం వచ్చింది. పిల్లలు కదలకుండా కూర్చునేవారు. వింటున్నారో, భయపడుతున్నారో బయటినుంచి చూసేవాళ్ళకు తేడా తెలియదు. ఎండాకాలానికి అత్తకు పర్మినెంటు ఆర్డరు వచ్చింది. నన్ను తీసుకుపోవడానికి వచ్చిన నాయన దారిలో, "అత్త బాగా చూసుకునిందా?" అనడిగాడు. "చూసుకునింది" అన్నాను.

ఎనభైల్లో నంద్యాలలోనే కాలేజీ చదివాను. ఆదివారాలు ఆ ఇంటికి పోయేదాన్ని. "కూర్చో పాపా" అనేది అత్త. నేను నిలబడి ఆమె మొహం వైపు చూసేదాన్ని. ఒకటి రెండుసార్లు ఏదో చెప్పబోయింది. ప్రతిసారీ అది "కాఫీ తాగుతావా?" అనే అయింది.

ఇప్పుడు ఆళ్లగడ్డలో రాళ్ళను మిషన్లు కోస్తున్నాయి. ఆ రొదలో మొహమూ పీఠమూ ఒక్కటే. బడిలో నాపరాళ్ళు తీసేసి టైల్స్ వేశారు.

"ఇది నీకే ఇయ్యమనింది" అంది సుగుణ, కంజరను నా చేతిలో పెడుతూ. "'పాపకు ఇయ్యి, దానికి తెలుస్తాది' అనింది."

"ఇంకేమన్నా చెప్పిందా?"

సుగుణ నిజంగానే ఆలోచించింది. "ల్యాదక్కా. ఇంకేం చెప్పల్యా. కూర్చో, కాఫీ తెస్తా."

ఆమె లోపలికి పోయింది. కంజరను ఒకసారి విదిలించాను. మిగిలిన రెండు జతల బిళ్ళలు గలగలమని ఆగిపోయాయి. నేను ఇంకొంచెంసేపు నిలబడ్డాను.